సున్నం పూసిన తాడు

అనంతపురం కాలేజీకి ఫుట్‌బాల్ వచ్చిన ఏడు
దాన్ని తన్నడం ఎవరికీ రాదు.
కుట్టడం మా నాయనకొక్కడికే వచ్చు.

మద్రాసు నుంచి పార్సిల్లో దిగిన బంతి
మూడో దినమే తుమ్మముల్లు దిగి ఊపిరి ఇడిసింది.
ప్యూను దాన్ని లేసు పట్టుకొని
చచ్చిన కుందేలు మాదిరి తెచ్చి
మా గుడిసె ముందర పడేసినాడు.
నాయన ఇప్పి చూసినాడు. పద్దెనిమిది తునకలు.
"దొరల ఆవు కూడా ఆవే రా మారెన్నా,
పదును పెట్టిన చెయ్యే మొరటుది."

ఆ దినం నుంచి బంతి వెంబడి నేను.
ఆముదం పూయడం, సైకిలు పంపుతో గాలి కొట్టడం,
లేసు బిగించి ముడిని లోపలికి తోయడం.
వారానికి రెండణాలు.
గీత బయట కూచోవాల. గీతంటే సున్నం గీత.
దానికి ముందునించీ ఇంకొకటుంది,
దాన్ని ఎవరూ గీయక్కర్లేదు.

గోలుకి రెండు సర్విమాన్లు. మీద అడ్డకర్ర లేదు,
సున్నం పూసిన తాడు.
వాన లేకున్నా గాలికి కరువు లేని ఊరు,
తాడు ఊగుతానే ఉండేది.

భీమసేనరావుకి తలాట బాగా వచ్చు.
మా నాయన ఏసిన తోలు అతుకు
అతని పిలక కాడ ఠప్పున తగిలితే
మైదానమంతా చప్పట్లు.
సాయంత్రం ఇంటికి పోయి
బావికాడ రెండు చేదలు పోసుకుంటాడంట.
బంతికి రెండు చేదలు. నాకైతే ఎన్నో,
నేనెప్పుడూ తగల్లేదు గాబట్టి లెక్క తెలీదు.

ఆఫ్‌సైడంటే ఏందో సీజనంతా ఎవరికీ తెలీలా.
"సార్, ముందర నిలబడితే తప్పెట్లయితాది?"
అని ఖాదర్ మొహిద్దీన్ అడిగినాడు ఒకసారి.
జవాబు ఇంగ్లీషులో వచ్చింది.
అందరూ తల ఊపినారు.

గుంతకల్లు రైలోళ్ళు బూట్లేసుకొని వచ్చి ఏడు కొట్టినారు.
వారం దినాలు మనోళ్ళ కాళ్ళకి పసుపు, ఉప్పు కాపడం.
కడప మీద ఒకటికి ఒకటి.
మదనపల్లెతో ఆట సగంలో వాన.
ఉత్తర కార్తెలో రావాల్సింది స్వాతిలో వచ్చింది.
చేలున్నోళ్ళు బంతిని అట్లే ఇడిసి
శెనక్కాయ కట్టె తడిసిపోతాదని ఊర్లకి ఉరికినారు.
ఆటలో అంత పరుగు నేనెప్పుడూ చూడలా.

ఆఖరాట కర్నూలుతో.
గంగిరెడ్డికి చలిజ్వరం. మనోళ్ళు పదిమంది.
కెప్టెన్ గురురాజు మైదానం చుట్టూ చూసినాడు.
కన్ను నా దాకా వచ్చింది.
సంజవేళ నేనొక్కణ్ణే బంతి తన్నుకుంటా ఉంటే
రెండుసార్లు చూసినాడు, హాస్టలు మెట్ల మీద నిలబడి,
ఏమీ అనకుండా.
కన్ను ఆగింది.
తర్వాత తాడు వదులైందేమో చూడ్డానికి పోయింది.
పదిమందితోనే ఆడినారు.

ఒకసారి బంతి గీత దాటి నా కాడికి దొర్లింది.
అరికాలి కింద ఏ కుట్టు ఎవరిదో తెలుస్తాంది.
ఇది నాయనది. ఇది నాది, వంకర.
లేసు ముడి పక్కకి తిప్పి తన్నినాను.
మైదానం అడ్డంగా పోయి గురురాజు కాళ్ళకాడ పడింది.
ఎవరో "అబ్బా" అన్నారు. ఎందుకన్నారో.

మసక పడేముందర
భీమసేనరావు ఎగిరి తలతో కొట్టినాడు. తాడు అదిరింది.
"కింద!" అని అనంతపురం.
"మీద!" అని కర్నూలు.
ప్రిన్సిపాలు దొర కండ్లద్దాలు తుడుచుకున్నాడు.
అరగంట సేపు రెండు జిల్లాలు అరుచుకున్నాయి.
జెండా పట్టుకున్నోణ్ణి అడిగినాడు దొర,
గోలీసోడా బండాయన్ని కూడా అడిగినాడు.
గోలు ఎనకాలే నాలుగు బారల దూరంలో నేను.
ఈల ఊదినాడు. గోలు. కప్పు.

రాత్రి బుడ్డి దీపం కాడ చూస్తే
బంతి మీద సున్నం చార ఒకటి, వేలెడంత.
ఎట్ల తిప్పినా బంతికి కిందా మీదా ఉండవు.
నాకు తెలుసు, మీదనించే పోయింది.
ఆముదం గుడ్డతో తుడిచేసినాను.

కప్పు ఇప్పటికీ కాలేజీ బీరువాలో ఉందంట.
ఆ వారం రెండణాలు నాకు రాలేదు.
నేనూ అడగలేదు.